సేకరణలో మొదటి కత్తి

ప్రశ్న: చేత్తో చేసిన కత్తులను సేకరించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అలల చారలున్న డమాస్కస్ ఉక్కు మడత కత్తి ఒకటి నన్ను ఆకట్టుకుంది. మొదటి కత్తిగా దాన్ని తీసుకోవచ్చా?

జవాబు: ఇప్పుడే వద్దు. మడవని, సాదా ఉక్కుతో చేసిన చిన్న వేటకత్తితో మొదలుపెట్టండి. డమాస్కస్‌ను నేను తక్కువ చేయడం లేదు. వేర్వేరు ఉక్కులను కొలిమిలో పొరలుగా అతికించే ఆ పద్ధతిని 1973లో అమెరికా కత్తుల కమ్మరి విలియం మోరన్ మళ్లీ వెలుగులోకి తెచ్చినప్పటినుంచి దానికి ఆదరణ పెరుగుతూనే వచ్చింది. అయితే ఆమ్లంలో ముంచగా తేలే చారలు చూపును తమవైపే లాక్కుంటాయి గనుక, పనితనంలోని లోపాలు కొత్తవారి కంటపడవు. మడత కత్తిలోనైతే ఇరుసునూ తాళాన్నీ పరీక్షించడం కూడా తెలిసి ఉండాలి.

ఆర్డరిచ్చి చేయించుకోవడం కన్నా, తయారై ఉన్న కత్తిని చేతిలోకి తీసుకొని చూసి కొనడం మేలు. దాన్ని వెన్నువైపునుంచి చూస్తే, అలుగుకు (కోసే ఉక్కు భాగానికి) రెండు పక్కలా పదునువైపు వాలు మొదలయ్యే గీతలు సరిగ్గా ఎదురెదురుగా ఉండాలి. అలుగుకూ పిడి ముందుండే అడ్డుకూ నడుమ వెలుతురు కనబడకూడదు. పిడి చెక్క ఉక్కును కలిసేచోట గోటికి మెట్టు తగలకూడదు. పాత కత్తుల విషయంలో మాత్రం కాస్త ఉదారంగా ఉండండి, ఎందుకంటే కలప, కొమ్ము గాలిలోని తేమనుబట్టి ముడుచుకుంటాయి.

కంటికి కనిపించనిది ఉక్కును కాచి చల్లార్చిన తీరు. అందుకే ఏ ఉక్కు వాడారో, దాని గట్టిదనం ఎంతో తయారీదారునే అడగండి. 1976లో ఏర్పడిన కత్తుల కమ్మరుల సంఘం అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ, తన బిరుదు ఇవ్వడానికి పెట్టే పరీక్షలో, వేలాడే అంగుళం మందం తాడును ఒకే వేటుతో తెంచి, కలపను నరికి, అదే పదునుతో వెంట్రుకలు గొరిగి, చివరకు అలుగును విరగకుండా 90 డిగ్రీలు వంచమంటుంది. ఈ పరీక్ష కొలిమిలో సాగగొట్టి చేసేవారిదే. ఉక్కు పట్టీని అరగదీసి చేసే పద్ధతికి అమెరికాకు చెందిన ప్రసిద్ధ కత్తుల తయారీదారు బాబ్ లవ్‌లెస్ అంతటివాడు పేరు తెచ్చాడు కాబట్టి, ఆ బిరుదు లేదని ఎవరినీ తోసిపుచ్చకండి.

దంతపు పిడులను మానుకోండి. వాటిని దేశాలు దాటించడం చట్టరీత్యా చిక్కు. కొన్న కత్తికి పలుచగా నూనె రాసి, తోలు ఒరను పక్కన వేరుగా ఉంచండి. తోలులోని తేమ, దాన్ని శుద్ధి చేయడానికి వాడిన రసాయనాలు ఉక్కుకు తుప్పు పట్టిస్తాయి.