గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ 24 నుంచి 18కి రావాలంటే ఈ ఎండాకాలం, వానాకాలం ఏం చేయాలి?

అన్నా, మీ ప్రశ్న సారాంశం ఇదీ: హ్యాండిక్యాప్ (మన ఆట స్థాయి చెప్పే నంబర్, తగ్గేకొద్దీ మంచిది) 24 దగ్గర ఆగిపోయింది, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఎండలకీ వానలకీ కోర్సుకి సరిగ్గా వెళ్ళలేరు, దసరాకల్లా 18కి దిగాలి, దానికి జిమ్‌లో చేరాలా, కోచ్‌ని పెట్టుకోవాలా, కొత్త డ్రైవర్ (అన్నిటికంటే దూరం కొట్టే క్లబ్, అంటే కర్ర) కొనాలా అని. నాది కూడా గచ్చిబౌలిలో రోజంతా కుర్చీకి అతుక్కుపోయే ఉద్యోగమే, ఆ నంబర్ల మధ్యే మస్తు రోజులు తిరిగి కిందకి దిగినోణ్ణి, అందుకని నాకు పనికొచ్చినవి చెప్తున్నా, నేను కోచ్‌ని కాదు.

ముందు దసరా సంగతి తేల్చేద్దాం. దసరాకి 18 అవ్వదు. మీరు చేయలేరని కాదు, లెక్క ఒప్పుకోదు. ఇప్పుడున్న వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో మీ చివరి 20 రౌండ్లు తీసుకుని వాటిలో బెస్ట్ 8 డిఫరెన్షియల్స్ (కోర్సు కష్టాన్ని బట్టి సర్దిన స్కోర్లు) యావరేజ్ వేస్తారు, అంటే మీరు వానాకాలం అంతా ఇంట్లో కష్టపడి అక్టోబర్‌లో వేరే మనిషిలా ఆడినా సరే, కొత్త మంచి రౌండ్లు ఎనిమిది పడేదాకా పాతవి లెక్కలో కూర్చునే ఉంటాయి. మనలాంటోళ్ళం ఆడేది ఆదివారం ఒక్క రౌండ్, దాంట్లో ఒక వారం పెళ్ళి, ఒక వారం ఆఫీస్ రిలీజ్, ఒక వారం మామగారి ఊరు. ఎనిమిది ఆదివారాలూ వరసగా బాగా ఆడినా రెండు నెలలు, ఎవడాడతాడు అట్లా. కాబట్టి 18 అనే నంబర్‌కి డేట్ పెట్టాలంటే సంక్రాంతి పెట్టుకోండి, అది కుదిరే మాట.

మరి దసరాకి ఏం పెట్టుకోవాలి అంటే, అసలు విషయం అక్కడే ఉంది. ఆఫ్ సీజన్‌లో ఆడేదే లేదు, స్కోరే లేదు, లేని స్కోరు మీద గోల్ పెట్టుకుంటే మే నెలంతా యూట్యూబ్‌లో స్వింగ్ వీడియోలు చూడటంతోనే గడిచిపోద్ది. రాత్రి పడుకునేముందు అయ్యిందా లేదా అని టిక్ పెట్టుకోగలిగేది ఏదైనా ఉంటే అదే ఈ ఆర్నెల్లకి గోల్. "పటింగ్ (బంతిని హోల్‌లోకి దొర్లించడం) ఇంప్రూవ్ చేసుకోవాలి" అంటే టిక్ పెట్టలేరు, "ఈరోజు మ్యాట్ మీద ఆరడుగుల నుంచి వరసగా పది వేసేదాకా లేవను" అంటే పెట్టగలరు. నేను ఫ్రిజ్ మీద మిల్క్ కార్డ్ పక్కన ఒక కాగితం అంటించా, మా ఆవిడ దాన్ని చూసి నవ్వేది, కానీ రెండ్రోజులు టిక్ పడకపోతే ఆమే అడిగేది.

ఆ టిక్కుల్లో ఏం రాయాలో తేలాలంటే ముందు పోయిన సీజన్ స్కోర్ కార్డులు బయటికి తీయండి. చాలామంది ఈ పని చెయ్యకుండా డైరెక్ట్‌గా జిమ్‌కి పోతారు. ప్రతి కార్డులో నాలుగే చూడండి: పెనాల్టీలు (బంతి నీళ్ళలో పడటం లాంటివాటికి కలిపే స్ట్రోకులు) ఎన్ని, ఓబీలు (బంతి కోర్సు హద్దు దాటినవి) ఎన్ని, త్రీ పట్‌లు (పటర్‌తో మూడుసార్లు కొట్టాల్సి వచ్చినవి) ఎన్ని, గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) పక్కదాకా వచ్చాక అక్కడినుంచి నాలుగు అంతకన్నా ఎక్కువ కొట్టిన హోల్స్ ఎన్ని. కార్డులో ఇవన్నీ రాసుండవు, కానీ ఒక్కో హోల్ గుర్తు తెచ్చుకుంటే వచ్చేస్తాయి, ఎవడైనా తను ఒక్క హోల్‌లో కొట్టిన తొమ్మిది మర్చిపోతాడా. ఒక్క జాగ్రత్త, హ్యాండిక్యాప్ యాప్‌లో ఎక్కిన స్కోర్లు చూసి ఇది చేయకండి, అక్కడ పెద్ద నంబర్లు కట్ అయిపోతాయి. నెట్ డబుల్ బోగీ అనే లిమిట్ ఉంటది కదా, అంటే పార్ (ఆ హోల్‌కి పెట్టిన స్ట్రోకులు) కన్నా రెండు ఎక్కువ, దానిమీద హ్యాండిక్యాప్ వల్ల ఆ హోల్‌లో మీకొచ్చే స్ట్రోకులు; మీకు అట్లా ఒక స్ట్రోక్ వచ్చే పార్ 4 హోల్‌లో మీరు పది కొట్టినా యాప్ లెక్కలో ఏడే. హ్యాండిక్యాప్‌కి అది న్యాయమే, కానీ మనకి కావాల్సిన నిజం ఆ కట్ అయిన మూడు స్ట్రోకుల్లోనే ఉంటది.

నా కార్డుల్లో టీ (ప్రతి హోల్‌కీ మొదటి షాట్ కొట్టే చోటు) దగ్గరే ఎక్కువ స్ట్రోకులు పోయేవి. గోల్కొండ నయా ఖిల్లా కోర్సులో బ్యాగ్ మోసే మా క్యాడీ ఒకాయన ఎప్పుడూ అనేవాడు, "సార్, డ్రైవర్ బ్యాగ్‌లోనే ఉంచండి, అది మీకు కోపం తెప్పిస్తది" అని. ఆయన ఏ లెక్కలూ కట్టలేదు, చూసి చెప్పాడంతే. స్ట్రోకులు ఎక్కువ పోయేది దూరం షాట్లలోనే అని కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ డేటాతో తేల్చాడు, ఇప్పుడు టీవీలో స్ట్రోక్స్ గెయిన్డ్ (ప్రతి షాట్‌నీ సగటుతో పోల్చి లాభనష్టం లెక్కేసేది) అని చూపిస్తారు కదా ఆ పద్ధతి ఆయనదే, పీజీఏ టూర్ (అమెరికా ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్) 2011లో పటింగ్‌తో దాన్ని మొదలుపెట్టింది. ఆయన లెక్క ప్రకారం మంచి ప్లేయర్‌కీ మామూలు ప్లేయర్‌కీ ఉన్న తేడాలో దాదాపు మూడింట రెండు వంతులు వంద గజాల అవతల నుంచి కొట్టే షాట్లలోనే ఉంటది. "డ్రైవ్ ఫర్ షో, పట్ ఫర్ డో" (దూరం కొట్టేది గొప్పకి, డబ్బు తెచ్చేది పటింగే) అని క్లబ్బులో పెద్దమనుషులు చెప్పేదానికి ఇది పూర్తి రివర్స్. అట్లని పటింగ్ వదిలేయమని కాదు, టోక్యో ఒలింపిక్స్‌లో మన అదితి అశోక్ దూరంలో పక్కోళ్ళకంటే ఎంతో వెనకుండి కూడా పటర్ పట్టుకుని నాలుగో స్థానం దాకా వచ్చింది, మెడల్ ఒక్క స్ట్రోక్‌లో పోయింది. కానీ ఆవిడ ఫెయిర్‌వేలో (మధ్యలో కత్తిరించిన గడ్డి దారిలో) ఉండి దూరం తక్కువ, మనం చెట్లల్లో ఉండి దూరం తక్కువ, తేడా ఉంది.

నాలుగు లెక్కల్లో ఏవి రెండు పెద్దగా కనపడితే ఆ రెండే తీసుకోండి. మూడోది వద్దు, నిజంగా వద్దు. ఉద్యోగం చేసుకునేవాడికి రెండే ఎక్కువ.

ఇక ఒళ్ళు. జిమ్ అవసరమే, కానీ బైసెప్స్‌కి కాదు. కూర్చుని కూర్చుని మన తుంటి, వెన్ను పైభాగం బిగుసుకుపోయి ఉంటాయి, అవి తిరగకపోతే ఆ తిరగాల్సినదంతా నడుం మీద పడుద్ది, అమెచ్యూర్ గోల్ఫర్లకి నడుంనొప్పి అంత ఎక్కువగా ఉండటానికి అదొక ముఖ్య కారణం. నేను రోహిణి కార్తె ఎండల్లో, అదే రోళ్ళు పగిలే టైంలో, కోర్సు మాట ఎత్తకుండా వారానికి మూడ్రోజులు ఇదే చేశా: నేలమీద పక్కకి పడుకుని మోకాళ్ళు కదలకుండా పై చేతిని వెనక్కి తెరిచేది, గ్లూట్ బ్రిడ్జ్ (వెల్లకిలా పడుకుని నడుం పైకి లేపేది), ఒంటికాలి మీద నిలబడి వంగడం, డంబెల్ ఛాతీ దగ్గర పట్టుకుని స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ (వంగి నేలమీది బరువు ఎత్తేది). డెడ్‌లిఫ్ట్ మాత్రం ఎవరైనా తెలిసినోళ్ళు పక్కనుంటేనే. మెడిసిన్ బాల్‌ని (బరువైన బంతిని) తిరుగుతూ గోడకేసి కొట్టడం అన్నిటికంటే బాగా పనిచేస్తది కానీ అపార్ట్‌మెంట్‌లో గోడ అవతలోళ్ళు ఊరుకోరు, సెల్లార్‌లో చేసుకోండి. ఒక నెలన్నర బలం వచ్చాకే స్పీడ్ జోలికి వెళ్ళండి. స్పీడ్ అంటే తేలిక కర్రతో, లేదా డ్రైవర్‌ని తిరగేసి తల వైపు పట్టుకుని, ఎంత గట్టిగా వీలైతే అంత గట్టిగా తిప్పడమే, మధ్యమధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ, ఎడమచేతి వాటంగా కూడా కొన్ని, రోజు విడిచి రోజు. ఆయాసం వచ్చేలా చేస్తే అది కార్డియో అవుద్ది, స్పీడ్ రాదు. క్లబ్ స్పీడ్ గంటకి ఒక్క మైలు పెరిగితే డ్రైవర్‌తో దాదాపు రెండున్నర గజాలు, కొత్త డ్రైవర్ కొనేముందు ఈ లెక్క ఒకసారి చూసుకోండి.

డ్రైవింగ్ రేంజ్ (బకెట్ లెక్కన బంతులు తీసుకుని కొట్టే ప్రాక్టీస్ చోటు) గురించి నా అభిప్రాయం కొంచెం ఘాటుగా ఉంటది. మన రేంజుల్లో చాలావరకు మ్యాట్ల మీద కొట్టాలి, మ్యాట్ అబద్ధం చెప్తది. బంతికి రెండంగుళాల వెనక క్లబ్ తగిలినా అక్కడ జారి బంతిని లేపేస్తది, మీకు మంచి షాట్ లాగే కనపడుద్ది, అదే షాట్ కోర్సులో తడి నేలమీద అయితే ముక్క లేచి బంతి పది గజాలు పోద్ది. అందుకే బంతి వెనక నాలుగంగుళాల దూరంలో తువ్వాలు మడతపెట్టి ఉంచండి, క్లబ్ దానికి తగలకుండా బంతికి తగలాలి. ఇంకోటి, ఆఫీసులో వైట్‌బోర్డ్ మార్కర్ ఉంటది కదా, దాంతో బంతి మీద ఒక చుక్క పెట్టి ఆ చుక్క క్లబ్ వైపు ఉండేలా పెట్టి కొడితే క్లబ్ ముఖం మీద ఎక్కడ తగిలిందో అచ్చు పడుద్ది. వేలితో తుడిస్తే పోద్ది. నా ఐరన్లలో (ఇనుప తల ఉన్న క్లబ్బుల్లో) అచ్చు ఎప్పుడూ హీల్ (కర్ర అతికే చివర) వైపే పడేది, అది తెలిశాక బంతికి అరంగుళం దూరం జరిగి నిలబడ్డా, కోచ్ దగ్గర దానికి సగం క్లాసే పట్టింది. కోచ్‌ని పెట్టుకోవాలా అంటే పెట్టుకోండి, కానీ ఏప్రిల్‌లోనో మేలోనో, రెండు మూడు క్లాసులు, మధ్యలో బాగా గ్యాప్ ఇచ్చి. స్వింగ్‌లో ఏదైనా మార్చాలంటే అప్పుడే, నవంబర్‌లో కోచ్ దగ్గరికి పోయి గ్రిప్ మార్చుకుంటే ఆ సీజన్ గోవిందా.

బకెట్ మొత్తం సెవెన్ ఐరన్‌తో కొట్టడం కూడా మానెయ్యండి. సగం బకెట్ అయ్యాక కోర్సు ఆడినట్టే ఆడండి, మొదటి హోల్ ఊహించుకుని డ్రైవర్, తర్వాత ఐరన్, తర్వాత దగ్గర షాట్లకి వెడ్జ్, ప్రతి బంతికీ క్లబ్ మారాలి, టార్గెట్ మారాలి. స్కోర్ చూస్తే చెండాలంగా ఉంటది కానీ కోర్సు మీదకి వెళ్ళేది ఈ ప్రాక్టీసే.

పటింగ్ ఇంట్లో. మార్బుల్ ఫ్లోర్ మీద వద్దు, బంతి ఆగదు, సోఫా కిందకి పోద్ది. మ్యాట్ కొనుక్కోండి, ఖరీదైనది అక్కర్లేదు. పది అడుగుల నుంచి పటర్ ముఖం ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే బంతి హోల్ మధ్య నుంచి రెండంగుళాలు పక్కకి పోద్ది, హోల్ వెడల్పే నాలుగుంపావు అంగుళాలు, అంటే అంచు. కాబట్టి ఇంట్లో నేర్చుకోవాల్సింది ఒక్కటే, బంతిని అనుకున్న గీత మీద మొదలుపెట్టడం. స్కూల్ పిల్లల స్టీల్ స్కేల్ మీద బంతి పెట్టి చివరిదాకా పక్కకి పడకుండా పంపండి, నాలుగు రోజుల్లో మీ పటర్ ఎటు తిరుగుతుందో మీకే తెలుస్తది. దూరం అంచనా మాత్రం ఇంట్లో రాదు, అది గ్రీన్ మీదే. ఇంకో మాట, టూర్ ప్రోలు కూడా ఎనిమిది అడుగుల నుంచి సగమే వేస్తారు, కాబట్టి ఆరడుగులది తప్పితే పటర్ విసిరేయొద్దు.

మృగశిర దాటి వానలు పట్టాక కోర్సుకి వీలైనప్పుడు వెళ్ళండి, అస్సలు వెళ్ళకుండా ఉండొద్దు. ఒక విషయానికి వానాకాలాన్ని మించింది లేదు. నేల మెత్తగా ఉండి బంతి పడ్డచోటే ఆగుద్ది, రోల్ రాదు, కాబట్టి ఏ క్లబ్ గాల్లో నిజంగా ఎంత దూరం పోతుందో అప్పుడే తెలుస్తది. జనవరిలో గట్టి నేలమీద దొర్లి 150 గజాలు పోయే సెవెన్ ఐరన్ జులైలో 135 దగ్గర దిగబడితే, బంకర్ (ఇసుక గుంత) దాటించడానికి మీ దగ్గరున్నది 135 అన్నమాట. ఇవి ఫోన్‌లో రాసుకోండి. బంతి నేలలో దిగబడితే ఫ్రీ రిలీఫ్ (పెనాల్టీ లేకుండా తీసి పక్కన వేసుకోవడం) ఉంది, ఊరికే తవ్వి కొట్టొద్దు, బంకర్‌లో మాత్రం ఆ రిలీఫ్ లేదు. ఉరుములు మొదలైతే ఎంత బాగా ఆడుతున్నా షెడ్డులోకి రావాల్సిందే. ఆషాఢంలో గోల్కొండ బోనాల ఆదివారాల్లో ఆ రూట్లో కారు కదలదు, ఆ రోజులకి ఇంట్లో మ్యాటే దిక్కు.

కొత్త డ్రైవర్ ఇప్పుడు వద్దు, ముందు గ్రిప్పులు మార్పించండి, మన ఎండకి, చెమటకి రబ్బరు గట్టిపడి జారుతుంటది, జారేకొద్దీ మీరు బిగించి పట్టుకుంటారు, బిగించేకొద్దీ స్వింగ్ చస్తది. మే నెలలో సెట్టుని కారు డిక్కీలో వదిలెయ్యకండి, గ్రిప్ కింద టేప్ జిగురు మెత్తబడుద్ది.

ఇక సెప్టెంబర్ చివరి నుంచి ఒళ్ళు వంచే పనులు సగానికి తగ్గించి ఆట పెంచండి. మొదటి నాలుగైదు రౌండ్లు మొత్తం స్కోరు కూడొద్దు, డబుల్ బోగీ, అంతకన్నా పైవి ఎన్నో అవి మాత్రమే లెక్కపెట్టండి. 24 హ్యాండిక్యాప్‌కి పోయిన సీజన్‌లో అవి రౌండుకి ఏడెనిమిది ఉండే అవకాశం ఉంది, నాలుగుకి తెస్తే మిగతా నంబర్లు వాటంతట అవే దిగుతాయి. రోజూ టిక్కులు కాక, ఆట మళ్ళీ మొదలయ్యాక దసరాకి మీరు పెట్టుకోవాల్సిన స్కోరు గోల్ నన్నడిగితే ఇదే, రౌండుకి నాలుగు డబుల్స్. మీ కార్డుల్లో ఆ నాలుగు లెక్కలు ఎట్లా వచ్చాయో ఇక్కడ పెట్టండి, ఏ రెండు పట్టుకోవాలో చూసి చెప్తా.