చిన్న ఇంట్లో ప్రశాంతత కోసం పెద్ద అప్పు చేయాలా?

ప్రశ్న: నగరం నడిబొడ్డున, వాహనాల రద్దీ ఎప్పుడూ తగ్గని రోడ్డు పక్కన, 40 చదరపు మీటర్ల ఒక పడకగది ఫ్లాట్‌ను ఇటీవలే కొనుక్కున్నాం. నేను, నా భార్య, ఆరేళ్ల పాప ఉంటాం. నా భార్య వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే పనిచేస్తుంది. మా ఇద్దరి ఆదాయంలో 35 శాతం గృహరుణ వాయిదాకు, 45 శాతం ఇంటి ఖర్చులకు పోగా 20 శాతం మిగులుతుంది. వాయిదాతో కలిపి ఆరు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి ఉంది. స్థలం కలిసివచ్చేలా, ఇంట్లో అడుగుపెట్టగానే మనసు తేలికపడేలా ఫ్లాట్‌ను తీర్చిదిద్దడానికి ఇంటీరియర్ డిజైనర్ ఇచ్చిన అంచనా మా ఎనిమిది నెలల ఆదాయంతో సమానంగా ఉంది. గోడలోకి మడిచే మంచం, అల్మారాలు, ఫాల్స్ సీలింగ్, టీవీ గోడ పలకలు, వంటగదిని తిరిగి కట్టించడం అందులో ఉన్నాయి. దీనికోసం అత్యవసర నిధిని వాడుకోవాలా, వ్యక్తిగత రుణం తీసుకోవాలా, గృహరుణానికి టాప్‌అప్ (ఉన్న గృహరుణం మీదే అదనపు అప్పు) చేయించుకోవాలా?

జవాబు: ఈ మూడింటిలో ఏదీ వద్దన్నది నా సలహా. మీరు కోరుకుంటున్నది అనవసరమైన విలాసం కాదు. పగలంతా పని, సాయంత్రం పాప చదువు, రాత్రి నిద్ర అన్నీ ఒకే చిన్న ఇంట్లో జరగాలంటే ఆ ఇల్లు ఊపిరాడేలా ఉండటం నిజమైన అవసరం. అయితే ఆ అవసరం తీరడానికి ఎనిమిది నెలల ఆదాయం అక్కర్లేదు. మూడు నెలల ఆదాయానికి మించకుండా, రెండేళ్ల వ్యవధిలో, అప్పు లేకుండానే ఈ పని పూర్తిచేయవచ్చు. ముందుగా మీరు చెప్పిన మూడు దారుల లెక్క చూద్దాం.

వ్యక్తిగత రుణానికి వడ్డీ 14 శాతం, గడువు అయిదేళ్లు అనుకుంటే, తీసుకున్న ప్రతి నూరుకు చివరికి దాదాపు 140 చెల్లిస్తారు. ఎనిమిది నెలల ఆదాయమంత రుణానికి నెలవాయిదా మీ ఆదాయంలో 18.6 శాతం అవుతుంది. అంటే ఇప్పుడు మీకు మిగులుతున్న 20 శాతం దాదాపు మొత్తంగా అయిదేళ్లపాటు దానికే పోతుంది. ఈ మధ్యలో పాప చదువు ఖర్చు పెరిగినా, ఇద్దరిలో ఒకరి ఆదాయం తగ్గినా సర్దుకోవడానికి చోటుండదు. టాప్‌అప్ రుణంలో వాయిదా తేలిగ్గా కనిపిస్తుంది. వడ్డీ 9 శాతం, గడువు 20 ఏళ్లు అనుకుంటే నెలకు ఆదాయంలో 7.2 శాతమే కట్టాలి. కానీ నూరు తీసుకుని చెల్లించేది 216. మంచాలు, అల్మారాల కోసం తీసుకున్న ఆ అప్పు తీరేనాటికి మీ పాపకు 26 ఏళ్లు వస్తాయి. ఆలోపే మడతబందులు, సొరుగుల పట్టాలు అరిగిపోతాయి, పాప అవసరాలు రెండు మూడుసార్లు మారతాయి, వాయిదా మాత్రం మారదు. అదే టాప్‌అప్‌ను అయిదేళ్లలోనే తీర్చేస్తే నూరుకు 125 లోపే చెల్లిస్తారు కాబట్టి వ్యక్తిగత రుణం కంటే అది మేలే. అయితే అప్పుడు వాయిదా మళ్లీ 16.6 శాతానికి చేరుతుంది. వస్తువు మన్నిక కంటే దాని అప్పు గడువు ఎక్కువగా ఉండకూడదన్న సూత్రాన్ని నేను ఎవరి విషయంలోనూ సడలించను.

అత్యవసర నిధి మొత్తం తీసినా మీకు 4.8 నెలల ఆదాయమే చేతికి వస్తుంది, అంటే అంచనాలో అరవై శాతం. మిగతాదానికి మళ్లీ అప్పే దిక్కవుతుంది. పైగా మీ ఆదాయంలో మూడో వంతుకు పైగా వాయిదాకు కట్టుబడి ఉన్న పరిస్థితిలో ఆ నిధి లేకుండా ఒక్క నెల గడపడం కూడా ప్రమాదమే. ఎంత అందంగా సర్దిన గదిలోనైనా వచ్చే నెల వాయిదా గురించిన దిగులుతో పడుకుంటే నిద్ర పట్టదు.

ఇక అసలు విషయానికి వస్తాను. చిన్న ఇంటి ఖర్చులను బేరీజు వేయడానికి అందరికీ నేను చెప్పే మొదటి పని, ఇంటి వెలను వైశాల్యంతో భాగించి ఒక్కో చదరపు మీటరుకు ఎంత పెట్టారో తెలుసుకోవడం. మీ ఇంట్లో మూడు చదరపు మీటర్ల స్థలం వాడని సామానుతో, తెరవని అట్టపెట్టెలతో నిండి ఉందనుకోండి. అది ఇంటిలో 7.5 శాతం, గృహరుణ వాయిదాలో ఆ వాటా లెక్కేస్తే మీ నెల ఆదాయంలో 2.6 శాతం ఆ సామాను కోసం అద్దె కడుతున్నట్టే. ఏడాదికి అది దాదాపు తొమ్మిదిన్నర రోజుల ఆదాయం. ఆ సామానును పెట్టుకోవడానికి కొత్త అల్మారా చేయిస్తే, అద్దెకు తోడు దానికి మేడ కూడా కట్టించినట్టవుతుంది. అందువల్ల డిజైనర్ గీసిన అల్మారాల పొడవును ఒప్పుకునే ముందు, వాటిలో ఏ వస్తువులు పెడతారో ఒక్కొక్క అరకు పక్కన రాయండి. రాయడానికి ఏమీ తోచని అరలను నక్షా నుంచి కొట్టేయండి. అమ్మగలిగిన పాత సామాను అమ్మి, వచ్చిన డబ్బుతోనే ఇంటి నిధిని మొదలుపెట్టండి.

రెండో పని, ఆ ఇంట్లో కనీసం మూడు నెలలు ఉన్న తరువాతే చెక్కపనికి ఆర్డరు ఇవ్వడం. వెలుతురు ఏ వేళకు ఎక్కడ పడుతుందో, మీ శ్రీమతి గారు ఫోను మాట్లాడేటప్పుడు పాప ఎక్కడ ఉంటుందో, ఇంట్లోకి రాగానే చేతిలోని సంచులు ఎక్కడ దించుతారో కాగితం మీది నక్షా చెప్పలేదు. 1926లో మార్గరెటె షూటె-లిహోట్స్కీ అనే వాస్తుశిల్పి ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని చిన్న ఇళ్ల కోసం సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉన్న వంటగదిని రూపొందించినప్పుడు, పనిచేసే మనిషి వేసే అడుగులను, పనికి పట్టే సమయాన్ని లెక్కించి ప్రతి సొరుగుకూ చోటు నిర్ణయించారు. హాంకాంగ్ వాస్తుశిల్పి గ్యారీ చాంగ్ తాను చిన్ననాటి నుంచి ఎరిగిన 32 చదరపు మీటర్ల ఇంటిని, జరిగే గోడలతో 24 రకాలుగా మార్చుకోగలిగేలా చేశారు. అది కూడా ఒక్కసారిగా జరగలేదు. ఏళ్ల తరబడి అక్కడే ఉంటూ ఆ ఇంటిని పలుమార్లు మార్చుకుంటూ అక్కడికి చేరారు. అంతటివారే ఒకరు ముందు కొలిచారు, మరొకరు ఏళ్లపాటు ఉండి చూశారు. ఈ మూడు నెలలు మీకు ఖర్చు లేని సర్వే.

డబ్బు పెట్టవలసిన మొదటి చోటు కిటికీ. మీ అంచనాలో అల్మారాలకు, సీలింగుకు, గోడ పలకలకు లెక్కలున్నాయే గానీ రోడ్డు చప్పుడు గురించి ఒక్క పద్దు ఉందో లేదో చూడండి. మీరు కోరుకున్న ప్రశాంతతను ఎక్కువగా దెబ్బతీస్తున్నది ఆ చప్పుడే. రాత్రి పడకగదిలో శబ్దం 30 డెసిబెళ్లకు మించకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో మార్గదర్శకాలు ఇచ్చింది. రద్దీ రోడ్డు పక్కన మామూలు కిటికీతో ఆ స్థాయిని చేరుకోవడం కష్టం. శబ్దం గోడ నుంచి కంటే సందుల నుంచే ఎక్కువగా వస్తుంది. కిటికీ వైశాల్యంలో ఒక్క శాతం మేర సందు ఉన్నా, మిగతా 99 శాతం ఎంత మందమైన అద్దమైనా, మొత్తం కిటికీ 20 డెసిబెళ్లకు మించి శబ్దాన్ని ఆపలేదు. అందుకే ఖరీదైన అద్దాల కంటే ముందు చట్రం చుట్టూ ఉన్న సందులను రబ్బరు పట్టీలతో, సీలంట్‌తో మూయించండి. ఇది అన్నిటికంటే చౌకైన పని, ఫలితం ఆ రాత్రే తెలుస్తుంది. అది చాలకపోతే ఇప్పుడున్న కిటికీకి లోపలివైపు, దాదాపు పది సెంటీమీటర్ల ఎడంతో రెండో కిటికీ పెట్టించడం తరువాతి మెట్టు. ఇల్లంతటికీ అక్కర్లేదు, రోడ్డు వైపున్న పడకగది కిటికీకి చేయిస్తే చాలు. గోడలకు అతికించే నురుగు పలకల మీద, మందపాటి తెరల మీద ఈ పని కోసం డబ్బు పెట్టకండి. అవి గదిలో పుట్టే ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గానీ బయటి వాహనాల హోరును దాదాపు తగ్గించవు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కిటికీలను బిగించిన తరువాత గాలి ఆడే మార్గం వేరుగా ఉండాలి, వంటగది గాలి బయటికి పోయే దారిని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు.

రెండో పెద్ద ఖర్చు మంచం. మీ శ్రీమతి గారు పడకగదిలోనే పనిచేయాలి కాబట్టి గోడలోకి మడిచే మంచం గురించి డిజైనర్ చెప్పింది నిజంగా ఆలోచించదగినదే. 150 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల పొడవున్న మంచం మూడు చదరపు మీటర్లు ఆక్రమిస్తుంది. దాన్ని మడిస్తే చట్రానికి ముప్పావు చదరపు మీటరు పోగా రెండుకు పైగా చదరపు మీటర్లు పగలంతా ఖాళీ అవుతాయి, అంటే మీ ఇంటి విలువలో అయిదున్నర శాతమంత స్థలం. మంచం ఖర్చు ఆ విలువలో సగానికి లోపు ఉంటే నేను అభ్యంతరం చెప్పను. అయితే ఆ స్థలం మీకు దక్కేది రోజూ ఉదయం మంచాన్ని మడిచి పైకి ఎత్తినప్పుడే. మూడు నెలలపాటు ప్రతి ఉదయం ఇప్పటి మంచం మీది దుప్పట్లు, దిండ్లు అన్నీ తీసి సర్దిపెట్టే అలవాటు మీ ఇద్దరికీ కుదిరిందా లేదా చూసుకుని నిర్ణయించుకోండి. కుదరకపోతే కింద సొరుగులున్న మామూలు మంచం, గోడకు మడిచే బల్ల తీసుకోవడమే తెలివైన పని, వాటికి ఖర్చు కూడా బాగా తక్కువవుతుంది. మడిచే మంచాన్ని బరువు మోయగల గోడకే బిగించాలి. పలుచని అడ్డుగోడకు బిగిస్తామంటే ఒప్పుకోకండి, చిన్నపిల్ల ఉన్న ఇంట్లో ఇది డబ్బుకు మించిన విషయం.

అల్మారాకు 60 సెంటీమీటర్ల లోతు చాలు. మంచానికి, అల్మారాకు మధ్య దూరం తక్కువైతే పక్కకు జరిగే తలుపులు పెట్టించుకోండి. లేత రంగు గోడలు వెలుతురును ఎక్కువగా తిప్పికొడతాయి కాబట్టి గది విశాలంగా తోచడానికి రంగులకు మించిన చౌక మార్గం లేదు. రాత్రికి 2700 కెల్విన్ల పసుపుఛాయ దీపాలు, పనిచేసే బల్ల దగ్గర 4000 కెల్విన్ల దీపం సరిపోతాయి (కెల్విన్ అన్నది దీపపు వెలుగు ఛాయను చెప్పే కొలత). ఫాల్స్ సీలింగ్‌ను, టీవీ గోడ పలకలను, బాగానే ఉన్న వంటగదిని తిరిగి కట్టించడాన్ని అంచనా నుంచి తీసేయమని చెప్పండి. తక్కువ ఎత్తున్న ఇంట్లో ఫాల్స్ సీలింగ్ ఉన్న ఎత్తును కూడా తగ్గిస్తుంది. గోడకు శాశ్వతంగా బిగించిన చెక్కపనికి ఇల్లు అమ్మేటప్పుడు పెట్టినంత వెల రాదు. వెంట తీసుకుపోగల సామాను అయితే, పాప పెద్దదై మీరు మరో గది ఉన్న ఇంటికి మారినా పనికివస్తుంది.

డబ్బు ఏర్పాటు ఇలా చేసుకోండి. మిగులుతున్న 20 శాతంలో 8 శాతాన్ని ఇప్పటిలాగే దీర్ఘకాలిక పొదుపులోకి పంపండి, దాన్ని ఈ పని కోసం ఆపవద్దు. మిగతా 12 శాతాన్ని వేరే ఖాతాలో ఇంటి నిధిగా జమచేయండి. అది రెండేళ్లలో మూడు నెలల ఆదాయానికి కొంచెం తక్కువగా చేరుతుంది. ఇది రెండేళ్లలో వాడే డబ్బు కాబట్టి షేర్లలో పెట్టకుండా ఎప్పుడైనా తీసుకోగల డిపాజిట్‌లో ఉంచండి. మొదటి ఆరు నెలల్లో కిటికీలు, రంగులు, దీపాలు పూర్తవుతాయి. ఏడాది నిండేసరికి మంచం, పని బల్ల వస్తాయి. రెండో ఏడాది పాప మూల, అల్మారా చేయించుకోవచ్చు. ప్రతి దశలోనూ అంచనాకు పైన 15 శాతం అదనంగా చేతిలో ఉన్నప్పుడే పని మొదలుపెట్టండి, ఎందుకంటే గోడ విప్పిన తరువాత బయటపడే పైపులు, తీగలు ఏ కొటేషన్‌లోనూ ఉండవు. ఏ నెలలోనైనా ఆదాయం తగ్గితే ఈ జమను ఆపేయవచ్చు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. వాయిదాలతో ఆ వెసులుబాటు ఉండదు.

ఇదే డిజైనర్‌తో పని చేయించుకోవాలనుకుంటే, మొత్తం పనికి కాకుండా నక్షాకు మాత్రమే విడిగా రుసుము ఎంత అని అడగండి. రెండేళ్ల దశలన్నీ ఒకే నక్షాలో ఇమిడేలా గీయించుకుంటే, ఈ ఏడాది బిగించినదాన్ని వచ్చే ఏడాది విప్పవలసిన అవసరం రాదు. కొటేషన్‌లో చెక్క రకం, మందం, మడతబందుల నాణ్యత, వైశాల్యాన్ని ఏ పద్ధతిలో కొలుస్తారన్నది రాతపూర్వకంగా ఉండాలి. ముందుభాగం మాత్రమే కొలిచి చెప్పిన రేటును, లోపలి అరలతో కలిపి చెప్పిన రేటుతో పోల్చితే మోసపోతారు. చెల్లింపులను పని దశలతో ముడిపెట్టి, చివరి పది శాతాన్ని తలుపులు, సొరుగులు అన్నీ రెండు వారాలు వాడి చూసిన తరువాతే ఇస్తానని ఒప్పందంలో ముందుగానే రాయించుకోండి.