చెక్క పాత్ర లోపల తొలవడానికి ఏ కార్బైడ్ ఉలి తీసుకోవాలి?

మూతి వెడల్పుగా ఉన్న పాత్రకు కొసన గుండ్రటి కార్బైడ్ టిప్ (చాలా గట్టి కోత బిళ్ల) ఉన్న తిన్నటి ఉలి చాలు. మూతి ఇరుకుగా, పొట్ట ఉబ్బెత్తుగా ఉంటేనే హంస మెడలా వంగిన ఉలి కావాలి.

ఎందుకంటే చెక్కను గిర్రున తిప్పే లేత్ యంత్రం మీద ఉలికి ఆనిక టూల్ రెస్ట్ అనే అడ్డకమ్మీ ఒక్కటే. కొస అక్కడి నుంచి ఎంత లోపలికి పోతే చెక్క దాన్ని అంత బలంగా కిందికి తొక్కుతుంది, కాడ అదురుతుంది. వంపు ఉలిలో టిప్ కాడకు పక్కగా ఉంటుంది కాబట్టి చేతిలో మెలి కూడా తిరుగుతుంది. అందుకే దానికి లావు కాడ, పొడవాటి పిడి ఉండాలి. టూల్ రెస్ట్ మీద వంపు కాకుండా తిన్నటి భాగమే ఆనాలి.

ఉదాహరణకు, ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు కర్రతో 5 సెం.మీ. మూతి, 4 సెం.మీ. లోతు ఉన్న కుంకుమ భరిణె చేయాలంటే తిన్నటి ఉలితోనే పని అయిపోతుంది. సన్న మెడ కూజా భుజాల కింద మాత్రం అది అందదు.

టిప్ సంగతి కూడా చూసుకోండి. పైభాగం చదునుగా ఉన్నది లెవెల్‌గా పట్టి గీరడానికి, కొత్తవాళ్లకు అదే మేలు. దొప్పలా గుంట ఉన్నది నున్నగా కోస్తుంది కానీ కాస్త పక్కకు వంచి పట్టకపోతే చెక్కలోకి లాక్కుపోతుంది.

కార్బైడ్ అంటే పదును ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడే నూరిన హైస్పీడ్ స్టీల్ అనే ఉక్కు ఉలి అంచు ఇంకా సన్నగా కోస్తుంది. కార్బైడ్‌ది నిలిచే పదును, అంతే. మొద్దుబారితే స్క్రూ వదులు చేసి టిప్‌ను కొంచెం తిప్పుకుంటే సరి.