ఐపీ65 బాక్సుకు సిలికాన్ పూస్తే వానకు ఆగుతుందా?

చెన్నై అంబత్తూరులో షెడ్డు బయటి గోడకు మోటార్ స్టార్టర్ ప్యానెల్ బిగిస్తున్నామని, ఐపీ65 బాక్సు కొన్నామని, కేబుళ్లు పైనుంచి దించి రంధ్రాల చుట్టూ సిలికాన్ పూస్తే చాలా అని అడిగారు. చాలదండీ. నేను గిండీ, అంబత్తూరు వైపు ప్యానెళ్ల పనే చేస్తాను. తుప్పు పట్టి రిపేరుకు వచ్చే బాక్సుల్లో ఎక్కువ వాటికి కేబుల్ పైనుంచే దించి ఉంటుంది.

ఐపీ65 అంటే దుమ్ము చొరబడదు, పైపుతో నీళ్లు కొట్టినా లోపలికి రావు. కానీ మీరు డ్రిల్లు పెట్టిన క్షణం నుంచి ఆ రేటింగ్ గ్లాండ్ మీద, అంటే కేబుల్ చుట్టూ బిగిసి రంధ్రాన్ని మూసే బిగింపు మీద ఆధారపడుతుంది. అందుకే కేబుళ్లన్నీ బాక్సు అడుగున గ్లాండ్లు బిగించే రేకు (గ్లాండ్ ప్లేట్) నుంచే ఎక్కించండి. గ్లాండ్‌కు ముందు కేబుల్‌ను కాస్త కిందికి వేలాడేలా వంచితే, దాని వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. గ్లాండ్ సైజు కేబుల్ బయటి మందానికి సరిపోవాలి. ఒకే గ్లాండ్‌లో రెండు వైర్లు దూర్చకండి, మధ్యలో సందు మిగిలిపోతుంది, ఎంత బిగించినా మూసుకోదు. ఆర్మర్డ్ కేబుల్ (లోహపు కవచం ఉన్నది) అయితే ఇత్తడి డబుల్ కంప్రెషన్ గ్లాండ్ వేయండి. వాడని రంధ్రానికి టేపు కాదు, స్టాపర్ ప్లగ్ (రంధ్రాన్ని మూసే బిరడా) పెట్టండి. గోడకు బిగించడానికి వెనక రేకుకు రంధ్రాలు చేయకుండా బయటి బ్రాకెట్లే వాడండి.

సిలికాన్ విషయం. వెనిగర్ వాసన వచ్చే రకం ఆరేటప్పుడు అసిటిక్ ఆమ్లం వదులుతుంది, మూసిన బాక్సులో అది రాగిని తినేస్తుంది. ఎక్కడైనా తప్పదనుకుంటే ఆ ఆమ్లం వదలని రకం, న్యూట్రల్ క్యూర్ అని అడిగి తీసుకోండి. గ్లాండ్‌కు బదులుగా మాత్రం ఏ రకమూ వద్దు.

ఇంకో సంగతి, చెన్నైలో దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల్లో గాలంతా తడే. పగలు వేడికి బాక్సులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, రాత్రి చల్లబడగానే తడి గాలిని లోపలికి లాగుతుంది. గాస్కెట్ కొత్తదైనా సరే, తెల్లారేసరికి తలుపు లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తాయి. వాన నీళ్లు లోపలికి వచ్చాయి అనుకుంటారు, అది గాలిలోని చెమ్మ. అడుగున ఐపీ రేటింగ్ ఉన్న బ్రీదర్ డ్రెయిన్ ప్లగ్ (గాలి ఆడనిచ్చి, లోపలి నీళ్లు కారనిచ్చేది) పెట్టండి, వీలైతే లోపల చెమ్మ పట్టకుండా వెచ్చగా ఉంచే చిన్న స్పేస్ హీటర్ కూడా, థర్మోస్టాట్‌తో. లోపల డ్రైవ్ (మోటారు వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టేటట్లయితే వేడి బయటికి పోయే దారి ముందే లెక్క చూసుకోవాలి.

వైరింగ్‌లో మల్టీ స్ట్రాండ్ వైర్ల చివర ఫెర్రూల్ (చిన్న లోహపు గొట్టం) తొడిగి క్రింప్ చేయండి. తలుపుకు కీలు ఉందిగా అని ఎర్త్ వదిలేయకండి, పెయింట్ వేసిన కీలు గుండా కరెంటు నమ్మకంగా పోదు. తలుపు స్టడ్ నుంచి ఎర్త్ బార్‌కు అల్లిక రాగి పట్టీ వేయండి, పట్టీ చివరి లగ్గు కూర్చునే చోట పెయింట్ గీకండి.

పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేయండి. టెస్టర్‌ను ముందు లైవ్ పాయింట్ మీద పరీక్షించి, ప్యానెల్ చూసి, మళ్లీ లైవ్ మీద సరిచూసుకోండి. లైన్ ఇచ్చేముందు డ్రైవ్, ఎలక్ట్రానిక్ సామాను విడదీసి 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధం కొలిచే మీటర్) వేయండి. 1 మెగోమ్ కంటే తక్కువ చూపిస్తే లైన్ ఇవ్వొద్దు. చివరి కనెక్షన్ లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి.