శుక్రగ్రహం మీద ఏడాది కంటే రోజే పెద్దదంటారు, నిజమేనా?

నిజమే, కానీ ‘రోజు’ అనే మాటను ఏ అర్థంలో వాడుతున్నామో ముందు తేల్చుకోవాలి. శుక్రుడు సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి మన లెక్కలో సుమారు 225 రోజులు పడుతుంది. తన చుట్టూ తాను ఒక్కసారి తిరగడానికి మాత్రం దాదాపు 243 రోజులు కావాలి. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు సుమారు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, శుక్రుడి మధ్యరేఖ దగ్గర ఆ వేగం ఆరున్నర కిలోమీటర్లే. వడివడిగా నడిచే మనిషి వేగమది!

అయితే ఒక సూర్యోదయం నుంచి మరో సూర్యోదయం వరకు ఉండే కాలాన్ని రోజు అనుకుంటే లెక్క మారిపోతుంది. అది సుమారు 117 భూమి రోజులే. కారణం, శుక్రుడు సూర్యుడి చుట్టూ ఒక దిశలో సాగుతూ, తన చుట్టూ తాను దానికి ఎదురు దిశలో తిరుగుతాడు. ఈ రెండు కదలికలూ కలిసి సూర్యుణ్ణి మళ్లీ త్వరగా ఎదుటికి తెస్తాయి.

నన్ను ఎప్పటికీ అబ్బురపరిచేది ఇంకొకటి ఉంది. ఈ ఎదురు తిరుగుడు వల్ల అక్కడ సూర్యుడు పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తాడు. దట్టమైన మేఘాల కారణంగా నేల మీది నుంచి సూర్యబింబం మాత్రం కనిపించదు. ఆ మేఘాలేమో నాలుగైదు రోజుల్లోనే గ్రహాన్ని చుట్టేస్తాయి.