నాన్న పింఛను కిడ్నీ కేటగిరీకి ఎప్పుడు మార్చాలంటే

చిరంజీవి బాబుకి పెదనాన్న ఆశీస్సులు.

నాన్నకి వస్తున్న నాలుగు వేల వృద్ధాప్య పింఛను వదులుకుని పది వేల కిడ్నీ పింఛనుకి ఎప్పుడు వెళ్ళాలని అడిగావు. ముందు ఆ వదులుకోవడమనే మాట తీసెయ్యి. పాతది నడుస్తుండగానే కొత్తదానికి కాగితాలు కూడబెట్టుకోవాలి. ‘రద్దు చేయించుకుని రండి, కొత్తగా పెడదాం’ అని ఎవరన్నా చెబితే ఒప్పుకోకు. రద్దయ్యాక కొత్తది మంజూరయ్యేదాకా ఇంట్లోకి రూపాయి రాదు. అలాగని కొత్త దరఖాస్తే పెడితే, అదే ఆధార్ మీద ఒక పింఛను ఉందని తిరిగొచ్చేస్తుంది. పాత పింఛను ఐడీ మీదే కేటగిరీ మార్చమని గ్రామ సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంటుని అడుగు.

ఇక ఎప్పుడు అన్నది. డయాలసిస్ ఎక్కితేనే ఈ పింఛనని మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో చాలామంది అనుకుంటారు. అది తప్పు. డయాలసిస్ లేకపోయినా సీరం క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపలేక రక్తంలో మిగిలిపోయే వ్యర్థం) 5 మిల్లీగ్రాములు దాటినా, జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 15 కంటే తగ్గినా, స్కానింగులో కిడ్నీలు ముడుచుకుపోయి చిన్నవిగా కనబడినా అడగొచ్చు. నాన్నకి క్రియాటినిన్ 4 దాటింది అంటున్నావు, ఆ ఒక్క కొలత పట్టుకుని ఇప్పుడే వెళితే తిప్పి పంపుతారు, జీఎఫ్ఆర్, స్కానింగు ఎలా ఉన్నాయో డాక్టర్ని అడుగు. కానీ ఫైలు మాత్రం ఇవాళే మొదలుపెట్టు. జబ్బు ఎప్పుడు మొదలైందని లెక్కగట్టి వెనకటి నెలల డబ్బు ఇవ్వరు, మంజూరైన దగ్గర్నుంచే ఇస్తారు. కొలత దాటాక ఆలస్యమైన ప్రతి నెలా ఆరు వేలు పోయినట్టే.

రక్తం ఎప్పుడు ఇస్తున్నారన్నది కూడా చూసుకోవాలి. మే నెలలో జీడితోటలో పొద్దంతా పనిచేసి వచ్చి రక్తం ఇస్తే, ఒంట్లో నీరు తగ్గి క్రియాటినిన్ పైకి చూపిస్తుంది. ఒళ్ళునొప్పుల బిళ్ళలు మింగినా అంతే. కొన్నాళ్ళాగి చూస్తే దిగుతుంది, అప్పుడు రెండు రిపోర్టులకీ పొంతన లేక డాక్టరు సర్టిఫికెట్ రాయడు. దీర్ఘకాలిక జబ్బు అనాలంటే మూడు నెలలకి మించి అలాగే ఉండాలి. అందుకని మొదటి రిపోర్టు తేదీ చాలా విలువైనది, పారెయ్యకు. ప్రతి పరీక్షా ప్రభుత్వాసుపత్రిలోనే చేయించు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి ఉండగా ప్రైవేటు ల్యాబు చీటీలు పట్టుకు తిరగడం ఎందుకు? ఆ నొప్పి బిళ్ళలు మాత్రం పింఛను సంగతి ఎలా ఉన్నా ఈ రోజే మానిపించు. నీళ్ళు ఎంత తాగాలో డాక్టర్నే అడుగు, ఊళ్ళో వాళ్ళ మాట వినకు.

కాగితాలు ఒకటో తారీకు దగ్గర పట్టుకెళ్ళకు. ఆ రెండు రోజులూ సచివాలయం వాళ్ళంతా పింఛన్లు పంచుతూ ఇళ్ళమ్మట తిరుగుతుంటారు. అయిదు దాటాక, పదిహేనులోపు వెళ్ళు. ఆధార్, బియ్యం కార్డు, సర్టిఫికెట్, రిపోర్టుల జిరాక్సులు ఇచ్చి రసీదు అడిగి తీసుకో. ఆధార్లో ఇంటిపేరు ఒకలా, ఆసుపత్రి చీటీలో ఒకలా ఉంటే ముందే సరిచేయించు. అన్నిటికంటే ఎక్కువగా ఆగిపోయేది అక్కడే.

మధ్యలో నాన్న వైద్యానికని విశాఖలో ఉండిపోతే నెల తప్పినా కంగారు పడొద్దు. రెండు నెలలది మూడో నెలలో కలిపి ఇస్తారు. వరసగా మూడు నెలలు తీసుకోకపోతే మాత్రం వలస వెళ్ళిపోయారని ఆపేస్తారు. అప్పుడు మార్చడానికి పింఛనే ఉండదు.

కేటగిరీ మారిన రోజే అమ్మ పేరు మీద వృద్ధాప్య పింఛను పెట్టొచ్చేమో కూడా అడుగు, ఆవిడకి ఆధార్ ప్రకారం 60 నిండాయి కదా. దానికి భూమి, కారు, కరెంటు అన్నీ చూస్తారు. మాగాణి మూడెకరాల లోపు, కరెంటు నెలకి 300 యూనిట్ల లోపు ఉండాలి. నువ్వు ఇన్‌కమ్ టాక్స్ కడుతూ అదే బియ్యం కార్డులో ఉంటే అక్కడే ఆగుతుంది, ముందు ఆ సంగతి చూసుకో.

ఇట్లు,
మీ పెదనాన్న