నాలుగు పావుల బోర్డు ముందు అంతసేపు ఎందుకు కూర్చుంటాం

మీ తమ్ముడు చదరంగం ఆటలు ఆడటం తగ్గించేసి, నాలుగైదు పావులు పెట్టుకుని సాయంత్రమంతా బోర్డు ముందే కూర్చుంటున్నాడని రాశారు. ఎదురుగా మనిషి లేడు, గడియారం లేదు, మరి ఈ ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన ఆఖరి దశ) పజిల్స్‌లో ఆనందం ఏముందని అడిగారు. నేను గుంటూరులో ఉంటాను, ఉద్యోగం విజయవాడలో. చాలా ఏళ్లుగా నాకూ ఇదే పిచ్చి కాబట్టి నా అనుభవం నుంచే చెప్తాను.

జవాబు దొరికితే సంతోషమే, కాదనను. కానీ నన్ను కూర్చోబెట్టేది అంతకు ముందు జరిగేది. 'ఇది కుదరని పని' అని బుర్ర తేల్చేస్తుంది. లెక్క కూడా సరిగ్గానే ఉంటుంది. అయినా కింద 'తెలుపు ఆడి డ్రా చేయాలి' అని రాసి ఉంటుంది. అంటే దారి ఉంది, మనకు కనబడటం లేదు. ఆ రెండింటి మధ్య ఇరుక్కుపోవడమే మజా.

ఒక పొజిషన్ చూపిస్తే తొందరగా అర్థమవుతుంది. బ్రాడీపేటలో మా వీధిలో రిటైరైన లెక్కల మాస్టారు ఒకరు ఉండేవారు. ఆయన వరండాలో మొదటిసారి చూశాను దీన్ని. గడి పేరులో అక్షరం నిలువు వరసది, అంకె అడ్డ వరసది. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో. అంతే, బోర్డు మీద ఇంకేమీ లేదు. ఎత్తు తెలుపుది, డ్రా చేయాలి.

"మాస్టారూ, ఇది ఓడిపోయిన ఆటండీ" అన్నాను.

"ఎందుకు ఓడిపోయిందో ముందు అది చెప్పరా అబ్బాయ్" అన్నారు.

చెప్పడం తేలికే. నల్లబంటు నాలుగు ఎత్తుల్లో ఆఖరి వరస చేరి క్వీన్ అయిపోతుంది. తెల్లరాజు దాని వెనకాల పరిగెత్తినా రెండు ఎత్తులు వెనకబడే ఉంటాడు. పోనీ మన బంటుని కాపాడుకుందామా అంటే నల్లరాజు దాని పక్కనే ఉన్నాడు, మన రాజు ఎక్కడో మూలన ఉన్నాడు. ఆ బంటు అందదు, ఈ బంటు దక్కదు.

మాస్టారు ఏమీ మాట్లాడకుండా రాజు మీద వేలు పెట్టి ఐమూలగా జరుపుకుంటూ పోయారు. జి7, ఎఫ్6, ఇ5. అక్కడ ఆపి నా మొహం చూశారు.

ఇ5లో నిలబడ్డ రాజు రెండు వైపులా బెదిరిస్తాడు. నల్లరాజు సి6 బంటుని చంపితే, మన రాజు ఎఫ్4కి దిగి హెచ్ బంటుని పట్టేసుకుంటాడు. అలా కాకుండా నల్లబంటు ముందుకు పరిగెడితే, మన రాజు డి6కి వెళ్లి సొంత బంటుని నడిపించుకుంటాడు, ఇద్దరికీ క్వీన్లు వస్తాయి, ఆట డ్రా. ఒక్కో అడుగూ రెండు పనులు చేసింది. మాస్టారు అప్పుడు అన్న మాట నాకు బాగా గుర్తుంది: "క్లాసులో కర్ణం పొడుగని చెప్పానా? ఇక్కడ కాదు. రాజుకి ఐమూలగా నడిచినా, తిన్నగా నడిచినా అడుగుల లెక్క ఒకటే."

దీన్ని రిచర్డ్ రేటి 1921లో అల్లాడు. 1924లో న్యూయార్క్ టోర్నమెంట్‌లో, అప్పటికి ఎనిమిదేళ్లుగా ఓటమి ఎరుగని ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకాని ఓడించినవాడు. అంత ఆటగాడు నాలుగు పావులతో చెప్పిన ఈ విషయం ఆయన గెలిచిన ఏ ఆటకీ తీసిపోదని నా నమ్మకం.

ఇలా ప్రత్యేకంగా అల్లిన పజిల్స్‌ని స్టడీలు అంటారు. మంచి స్టడీలో దారి ఒక్కటే ఉండాలి, ఇంకో రకంగా కూడా గెలిచేస్తే దాన్ని లోపంగా లెక్కేస్తారు. ఒక్క పావు కూడా ఊరికే ఉండకూడదు. అందుకే మనం ఓడిపోయే దారులు కూడా చూడ్డానికి బాగుంటాయి. చాలా తప్పుదారులకి ఒక్కటంటే ఒక్కటే విరుగుడు పెట్టి ఉంటుంది. పూర్తి ఆటలో ముప్పై రెండు పావుల గొడవలో మన తెలివితక్కువ ఎత్తు ఎక్కడో కలిసిపోతుంది. నాలుగు పావులప్పుడు దాక్కోవడానికి చోటు లేదు.

ఇంకో సుఖం ఏంటంటే, వీటిని బుర్రలో పెట్టుకుని మోసుకెళ్లొచ్చు. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే పొద్దుటి రైల్లో సీటు దొరకడం కష్టం, బోర్డు తెరవడం కుదిరే పని కాదు. ఇంట్లో చూసుకున్న పొజిషన్‌ని మంగళగిరి దాటేదాకా నిలబడే తిప్పుతుంటాను. కృష్ణా కెనాల్ దగ్గర సిగ్నల్ కోసం బండి ఆగితే అందరూ విసుక్కుంటారు, నాకు మాత్రం ఇంకో ఎత్తుల వరస చూసుకోవడానికి టైం దొరుకుతుంది. ఒక్కోసారి రెండు మూడు రోజులు అదే పొజిషన్. ఆఫీసు టెన్షన్ కూడా ఆ కాసేపు దగ్గరకి రాదు, ఎందుకంటే బుర్రలో రెండో దానికి చోటుండదు.

మన వైపు చదరంగానికి కొదవలేదు. 2001లో గ్రాండ్‌మాస్టర్ అయిన పెంటేల హరికృష్ణది గుంటూరు, ద్రోణవల్లి హారికదీ గుంటూరే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో ప్రపంచ మహిళల రాపిడ్ (తక్కువ టైంలో ఆడే చదరంగం) టైటిల్ గెలిచింది. వాళ్లని చూసి పిల్లల్ని కోచింగ్‌కి పంపేవాళ్లు చాలామందే ఉన్నారు, మంచిదే. కానీ నేను చూసినంతలో పిల్లలకి ఓపెనింగ్ ట్రాప్‌లు (ఆట మొదట్లో వేసే వలలు) దండిగా వస్తాయి, రూక్ ఎండింగ్ (ఏనుగులు మిగిలిన ఆఖరి ఆట) ఇస్తే చేతులెత్తేస్తారు. తొందరగా గెలిపించేవి నేర్పితే పతకాలు తొందరగా వస్తాయి కదా. హరికృష్ణ ఆటలు తీసి చూడండి, ఏమీ లేదనిపించే ఎండ్‌గేమ్‌ని ఎంత ఓపికగా పిండుతాడో. మీ తమ్ముడు తనంతట తాను ఇటు వచ్చాడంటే, దయచేసి వెనక్కి లాగకండి.

తనకి చెప్పాల్సింది ఒకటుంది, కంప్యూటర్ గురించి. ఏడు పావులు, అంతకంటే తక్కువ ఉన్న పొజిషన్లన్నిటికీ టేబుల్‌బేస్‌లలో, అంటే కంప్యూటర్లు ముందే లెక్కగట్టి పెట్టిన జాబితాల్లో, కచ్చితమైన ఫలితం ఉంది. ఫోన్‌లో నొక్కితే గెలుపో డ్రానో ఆ క్షణమే చెప్పేస్తుంది. అయితే అది ఎత్తు చెప్తుంది గానీ కారణం చెప్పదు. ఇ5 అని చూపిస్తుంది, ఆ గడి నుంచి రెండు బంట్లూ అందుతాయన్న సంగతి మనమే కనిపెట్టాలి. నేనైతే ముందు నా జవాబు, దాంతోపాటు నల్లపావుల తరఫున దొరికిన మంచి ఎత్తులు కాగితం మీద రాసుకుంటాను. ఆ తర్వాతే ఫోన్ తీస్తాను. అలాగే ఆపోజిషన్ (రాజులు ఎదురెదురుగా నిలిచి దారి అడ్డుకోవడం), రూక్ ఎండింగుల్లో గెలుపుకి లుసేనా, డ్రాకి ఫిలిడోర్ అనే పాఠం పొజిషన్లు ముందుగా బాగా ఒంటపట్టించుకోవాలి. అవి రాకుండా స్టడీల జోలికి వెళ్తే చివర్లో గెలిచామో లేదో కూడా తెలియదు, ఇంక మజా ఎక్కడ?

మీరూ ఒకసారి ప్రయత్నిస్తారా? ఈ ఒక్కదానికి ఆట నియమాలు తెలిస్తే చాలు. తెల్లరాజు బి6లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ1లో, నల్ల రూక్ డి5లో. ఎత్తు తెలుపుది. బంటుని సి7కి నెట్టగానే నల్ల రూక్ డి6 నుంచి చెక్ ఇస్తుంది. రాజు సి గడుల్లోకి తొందరపడకూడదు, సి5కి వస్తే రూక్ డి1కి దిగుతుంది, మనం క్వీన్ చేసుకోగానే సి1 నుంచి చెక్ పెట్టి దాన్ని లాగేస్తుంది. అందుకని బి5, బి4, బి3 అని చెక్‌ల మధ్య మెట్లు దిగి సి2కి రావాలి. అక్కడ నల్ల రూక్ డి4కి వెళ్లి వల పన్నుతుంది. ఇప్పుడు బంటుని క్వీన్ చేస్తే రూక్ సి4లో చెక్ ఇస్తుంది, క్వీన్‌తో దాన్ని చంపక తప్పదు, చంపితే నల్లరాజుకి కదలడానికి గడి లేక స్టేల్‌మేట్, అంటే ఆట డ్రా.

1895లో స్కాట్లండ్‌లోని గ్లాస్గో పత్రికలో ఇది డ్రా అనే అచ్చయింది. అక్కడ ఉండే సావేద్ర అనే స్పెయిన్ దేశపు ఫాదర్ ఒకాయన ఇక్కడ గెలుపు ఉందని చూపించారు. చదరంగ చరిత్రలో ఆయన పేరు నిలిచింది ఆ ఒక్క ఎత్తుతోనే. అది ఆరో ఎత్తు. నేను చెప్పను, మీరూ తమ్ముడూ కూర్చుని చూడండి.